మా బాబు షంట్ మళ్లీ పనిచేయడం లేదంటున్నారు, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

ప్రశ్న: నిజామాబాద్ జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక తల్లి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు తెలిపే వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె కుమారునికి ఎనిమిదేళ్లు. ఆరు నెలల వయసులో తల పెద్దదవుతోందని హైదరాబాద్ తీసుకెళ్తే, మెదడులో నీరు ప్రవహించే సన్నని దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉందని చెప్పి, ఆ నీటిని తల నుంచి కడుపులోకి మళ్లించే షంట్, అంటే ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వ్ ఉన్న సన్నని ట్యూబు, వేశారు. మూడేళ్ల వయసులో అది మూసుకుపోతే మార్చారు. మార్చిన నెలన్నరకే జ్వరం వచ్చింది, ఛాతీ మీద ట్యూబు వెళ్లే దారంతా ఎర్రబడింది. ఇన్‌ఫెక్షన్ అని తేల్చి షంట్ మొత్తం తీసివేసి, తలలోని ద్రవాన్ని బయటి సంచిలోకి పంపుతూ రెండు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉంచి, తరువాత కొత్తది వేశారు. "ఆ సంచిని చూస్తూ గడిపిన రాత్రులు తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి" అని ఆమె రాశారు.

ఆ తరువాత ఐదేళ్లు బాబు బాగానే ఉన్నాడు. ఇప్పుడు మూడు వారాలుగా తెల్లవారుజామున తలనొప్పితో లేస్తున్నాడు, కొన్నిసార్లు వాంతి అవుతోంది. తరగతిలో నిద్రపోతున్నాడని, రాత కూడా మారిందని టీచర్ చెప్పారు. వారం రోజులుగా ఎడమ కన్ను కొద్దిగా ముక్కువైపు తిరుగుతోంది. స్థానిక డాక్టర్ గ్యాస్ అనుకుని మందులిచ్చారు. తరువాత తీయించిన సీటీ స్కాన్‌లో "పాత స్కాన్‌తో పోలిస్తే పెద్ద మార్పు లేదు" అని వచ్చింది. హైదరాబాద్‌లో ఒక సర్జన్ షంట్ మార్చాలన్నారు. ఇంకొకరు ఎండోస్కోపీతో లోపలే దారి చేస్తే ట్యూబు అవసరమే ఉండకపోవచ్చన్నారు. మార్చేటట్లయితే ఖరీదైన ప్రోగ్రామబుల్ వాల్వ్ (బయటి నుంచే అమరిక మార్చగలిగేది) మేలని, అందుకు అప్పు చేయక తప్పదని బంధువులు అంటున్నారు. భర్త దుబాయ్‌లో ఉన్నారు, దసరాకు వచ్చేదాకా, అంటే ఇంకో రెండు నెలలు, ఆగమంటున్నారు. అత్తగారు "ఎన్నిసార్లు వాడి తల కోయిస్తావు, ఆటలకు పంపి పడేసుకున్నది నువ్వే" అంటూ పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. ఆగవచ్చా, ఆగకూడదంటే ఏ ఆపరేషన్ చేయించాలి, ఇది జీవితాంతం ఇలాగే సాగుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజునే, ఈ సమాధానం ప్రచురితమయ్యేదాకా ఆగకుండా బాబును న్యూరోసర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని మీకు విడిగా తెలియజేశాం. మీరు వెళ్లారనే నమ్మకంతో, అక్కడ మీ ముందుకు వచ్చే నిర్ణయాల గురించి వివరంగా రాస్తున్నాను.

మీ ఇంట్లో అందరూ "ఆపరేషన్ చేయించాలా వద్దా" అన్న ఒక్క మాట చుట్టూనే వాదించుకుంటున్నారు. అంతకంటే ముందు తేలవలసిన విషయం ఒకటుంది. షంట్‌లో పాడైంది ఏది, ఎక్కడ, ఎందుకు? ట్యూబు మూసుకుపోతే చేసే శస్త్రచికిత్స వేరు, తెగితే చేసేది వేరు, ఇన్‌ఫెక్షన్ అయితే చేసేది పూర్తిగా వేరు. ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పారని మీరు కలవరపడ్డారు. వారిద్దరూ చూసిన ఆధారాలు అసంపూర్ణమైనవి కాబట్టి, ఇద్దరి మాటా సరైనదే అయ్యే అవకాశం ఉంది.

ముందు ఆగడం గురించి చెబుతాను. పెద్దవారి మెదడు, వెన్నుపాముల్లో కలిపి ఏ క్షణంలో చూసినా ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, కానీ రోజుకు దాదాపు అర లీటరు కొత్తగా తయారవుతుంది. పిల్లల్లో పరిమాణం కొంత తక్కువైనా, పాతది పోతూ కొత్తది చేరుతూ ఉండే తీరు అదే. బయటికి పోయే దారి మూసుకుపోయినా తయారీ ఆగదు. అందుకే పసరుతోనో మాత్రలతోనో దీన్ని ఎండగట్టడం సాధ్యం కాదు. మీ అత్తగారు మనవడి మీద ప్రేమతోనే ఆ మాట అంటున్నారని నాకు తెలుసు, కానీ ఆ మందు వల్ల గడిచిపోయే రోజులే బాబుకు హాని చేస్తాయి. తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, మగత, కన్ను లోపలికి తిరగడం కలిసి వచ్చాయంటే, వేరే కారణమేదో రుజువయ్యేదాకా తలలో ఒత్తిడి పెరిగిందనే భావించాలి. ఆ ఒత్తిడి ఎక్కువ రోజులు కొనసాగితే కంటి నరం దెబ్బతిని, షంట్ బాగు చేసినా తిరిగి రాని విధంగా చూపు పోవచ్చు. అంతకంటే ప్రమాదకరమైనది, నెమ్మదిగా సాగుతున్నట్లు కనిపించే పరిస్థితి కొన్ని గంటల్లోనే స్పృహ తప్పే స్థితికి చేరడం. దసరాదాకా ఆగడం అన్న మార్గం మీ చేతిలో ఉన్నట్లు కనిపిస్తున్నా, నా దృష్టిలో అది లేదు. బాబును నిద్రలేపడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, చూపు మసకబారినా రోజుల మాట కూడా వదిలి వెంటనే 108కు ఫోన్ చేయండి.

మీ భర్తతో మాట్లాడేటప్పుడు ఈ విషయాన్ని ఇలాగే చెప్పండి. ఆయన ఆగమనడంలో నిర్లక్ష్యం లేదు, దూరాన ఉన్న తండ్రికి తాను పక్కన లేకుండా బిడ్డకు ఆపరేషన్ జరగడం భరించరానిది. వీలైతే సర్జన్ చేత ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడించండి, అత్యవసర సెలవుకు కావలసిన వైద్య పత్రం కూడా ఆసుపత్రి నుంచి తీసుకుని పంపండి. ఆయన రాలేకపోయినా పని ఆగదు. మైనర్ బిడ్డ ఆపరేషన్‌కు తల్లి సంతకాన్ని ఆసుపత్రులు అంగీకరిస్తాయి.

సీటీలో మార్పు లేదన్న మాట మిమ్మల్ని కొంత ఊరడించినట్లుంది. షంట్ పాడైన పిల్లల్లో కొందరికి మెదడు లోపల ఈ ద్రవం ఉండే గదులు పెద్దవి కావు. ఏళ్ల తరబడి షంట్ ఉండటం వల్ల ఆ గదుల గోడలు సాగే గుణం కోల్పోతాయి, లోపల ఒత్తిడి పెరుగుతున్నా స్కాన్‌లో పాత ఆకారమే కనిపిస్తుంది. పైగా ఏ స్కాన్‌తో పోల్చారన్నది ముఖ్యం. బాబు బాగున్నప్పుడు తీసిన స్కాన్‌తో పోలిస్తేనే దానికి విలువ. మూడేళ్ల వయసులో జబ్బుగా ఉన్నప్పుడు తీసిన దానితో పోల్చి "మార్పు లేదు" అన్నారంటే, అప్పటిలాగే ఇప్పుడూ పాడైందన్న అర్థమే రావచ్చు. కాబట్టి పాత ఫిల్ములు, సీడీలు, డిశ్చార్జి కాగితాలు అన్నీ తీసుకెళ్లండి.

సీటీతో పాటు మరికొన్ని పరీక్షలు అవసరం. తల, మెడ, ఛాతీ, కడుపు వరుసగా తీసే సాధారణ ఎక్స్‌రేల్లో ట్యూబు ఎక్కడైనా తెగిందా, జారిందా, పొట్టిదైందా అన్నది తెలుస్తుంది. మూడేళ్ల పిల్లవాడికి వేసిన ట్యూబు ఎనిమిదేళ్ల పిల్లవాడి ఒంట్లో ఉందన్నది మరచిపోకూడదు. ఎదుగుదలకోసం కడుపులో కొంత పొడవు అదనంగా వదిలినా, మెడ దగ్గర ఆ సిలికాన్ మీద సున్నం పేరుకుని పెళుసుబారి, సాగలేక విరగవచ్చు. కడుపుకు అల్ట్రాసౌండ్ చేస్తే ట్యూబు చివర ద్రవం తిత్తిలా గూడుకట్టిందేమో కనిపిస్తుంది. కంటి డాక్టర్ కంటి నరం వాపును చూస్తారు, వాపు లేనంత మాత్రాన ఒత్తిడి లేదని చెప్పలేం. అప్పటికీ అనుమానం తీరకపోతే, న్యూరోసర్జన్ వాల్వ్ దగ్గరి చిన్న గదిలోకి చర్మం పైనుంచి సన్నని సూది పంపి ఒత్తిడి కొలిచి, ద్రవాన్ని పరీక్షకు పంపుతారు. మీ బాబుకు గతంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది కాబట్టి, ఇప్పుడు జ్వరం లేకపోయినా ఈ అవకాశాన్ని సర్జన్ దృష్టికి తీసుకురండి. షంట్ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా ఆపరేషన్ జరిగిన మొదటి ఆరు నెలల్లోనే వస్తాయి, ఐదేళ్ల తరువాత రావడం అరుదు. అయితే కడుపులో తిత్తి కనిపిస్తే మాత్రం లోలోపల ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని తప్పక చూడాలి.

ఇక శస్త్రచికిత్సల సంగతి. మూసుకుపోయింది తల లోపలి ట్యూబే అయితే, సాధారణంగా దాని రంధ్రాల్లోకి ద్రవాన్ని తయారుచేసే మెత్తని కణజాలం చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ ట్యూబు తీసి కొత్తది పెట్టాలి. ఇక్కడ సర్జన్ నేర్పు అవసరమైన ఘట్టం ఒకటుంది. అతుక్కున్న ట్యూబును బలవంతంగా లాగితే లోపల రక్తస్రావం అవుతుంది. సులువుగా రాకపోతే దాన్ని అక్కడే వదిలి, పక్కన కొత్త ట్యూబు వేయడం తప్పేమీ కాదు. తరువాతి స్కాన్‌లో రెండు ట్యూబులు కనిపిస్తే మీరు భయపడకుండా ఉండటానికే ఇది ముందుగా చెబుతున్నాను. వాల్వ్ పాడైతే వాల్వ్, కడుపు వైపు ట్యూబు తెగితే ఆ భాగం మాత్రమే మార్చవచ్చు. అన్నిసార్లూ తల లోపలికి వెళ్లవలసిన అవసరం ఉండదు. కడుపులో తిత్తి ఏర్పడితే ట్యూబు కొసను కొంతకాలం బయటికి తీసి, ద్రవం శుభ్రంగా ఉందని తేలాక కడుపులో మరోచోట పెడతారు. కడుపు పొర ద్రవాన్ని పీల్చుకోలేని స్థితికి చేరితే గుండెకు వెళ్లే సిరలోకో, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలోకో మళ్లిస్తారు. అరుదుగా ట్యూబు పేగును తొలిచి మలద్వారం గుండా బయటికి కనిపించడం కూడా ఉంది. ఎప్పుడైనా అలా కనిపిస్తే ఇంట్లో ఎవ్వరూ దాన్ని లాగకూడదు, లోపలికి నెట్టకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇన్‌ఫెక్షన్ అయితే దారి మారుతుంది. ఐదేళ్ల కిందట మీరు అనుభవించిన ఆ రెండు వారాలను ఆసుపత్రి వారి తప్పిదంగా మీరు ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చినట్లు ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ ఇన్‌ఫెక్షన్ ఎలా వచ్చిందో నేను చెప్పలేను, కానీ వచ్చాక వారు చేసిన చికిత్స మాత్రం సరైనదే. సూక్ష్మజీవులు సిలికాన్ మీద జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి, ఎంత బలమైన మందైనా అక్కడికి సరిగా చేరదు. అందుకే షంట్ మొత్తం తీసి, ద్రవాన్ని బయటి సంచిలోకి పంపుతూ, సిర ద్వారా మందులిచ్చి, పరీక్షల్లో సూక్ష్మజీవులు లేవని వరుసగా తేలాక కొత్త షంట్ వేస్తారు. ఆ సంచి చూడటానికి భయంకరంగా ఉన్నా, ఆ రోజుల్లో మీ బాబు ప్రాణాన్ని కాపాడినది అదే. మళ్లీ అది తప్పనిసరి అయితే, ఆ భయం వల్ల మీరు వెనకడుగు వేయకూడదని నా విన్నపం.

ఎండోస్కోపీ గురించి మీకు ఆశ కలిగింది, అది పూర్తిగా న్యాయమైన ఆశే. మెదడు మధ్యలో ఉండే మూడో గది నేలలో చిన్న రంధ్రం చేసి, ఇరుకైన దారిని తప్పించి ద్రవం సహజంగా బయటికి వెళ్లేలా చేస్తారు. పుట్టుకతో దారి ఇరుకైన పిల్లలకు ఇది బాగా సరిపడే చికిత్స. టొరంటోకు చెందిన అభయ కులకర్ణి బృందం 2009లో ప్రకటించిన లెక్క ఒకటి ఉంది. వయసు, జబ్బుకు మూలకారణం, అంతకుముందు షంట్ ఉందా లేదా అన్న మూడింటికి పాయింట్లు వేసి, ఆరు నెలలపాటు ఈ ఆపరేషన్ నిలిచే అవకాశాన్ని అంచనా వేస్తారు. మీ బాబు వయసుకు 40, కారణానికి 30, ముందే షంట్ ఉన్నందువల్ల సున్నా, మొత్తం 70. అంటే సుమారు నూటికి డెబ్బై వంతుల అవకాశం. ఇది మంచి అంకే, హామీ మాత్రం కాదు. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల మెదడు అడుగున పొరలు అతుక్కున్నాయా అన్నది ఈ లెక్కలోకి రాదు. అది ఎమ్మారైలోనే తెలియాలి. అలాగే లోపలి గదులు చిన్నవిగా ఉంటే ఎండోస్కోపు తిప్పడానికి చోటుండదు, రంధ్రం చేసే చోటికి ఆనుకుని పెద్ద ధమని వెళుతుంది, ప్రమాదం పెరుగుతుంది. మొదటి సర్జన్ షంటే మార్చాలని అనడానికి ఇదే కారణం కావచ్చు. ఆయనను నేరుగా అడగండి.

ఎండోస్కోపీ ఫలిస్తే ట్యూబు మూసుకుపోవడం, తెగడం, ఇన్‌ఫెక్షన్ కావడం అన్న బాధలు చాలావరకు తీరుతాయి. ఫలించకపోతే ఎక్కువగా మొదటి కొన్ని వారాల నుంచి ఆరు నెలల్లోపు తెలిసిపోతుంది, అప్పుడు మళ్లీ షంటే దిక్కవుతుంది, అంటే ఒకటికి రెండు ఆపరేషన్లు. ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. ట్యూబు లేదు కదా అని చూపించుకోవడం మానేసిన పిల్లల్లో, ఏళ్ల తరువాత ఆ రంధ్రం హఠాత్తుగా మూసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి ఇది షంట్ నుంచి విముక్తి కావచ్చు గానీ, డాక్టర్ నుంచి విముక్తి కాదు. షంట్ మార్పిడి ఎంచుకుంటే ఉపశమనం నమ్మకంగా, త్వరగా వస్తుంది, కానీ మళ్లీ పాడయ్యే అవకాశం వెంటే ఉంటుంది. పిల్లల షంట్లలో దాదాపు సగం మొదటి రెండేళ్లలోనే ఏదో ఒక మరమ్మతు కోరుతాయి. మీ బాబుకు ఐదేళ్లు నిలిచిందంటే అది మంచి కాలమే. నన్ను అడిగితే, బాబు పరిస్థితి నిలకడగా ఉండి, గదులు తగినంత పెద్దవిగా ఉండి, ఎమ్మారైలో దారి శుభ్రంగా కనిపించి, ఎండోస్కోపీ తరచుగా చేసే సర్జన్ అందుబాటులో ఉంటే దాన్ని తీవ్రంగా ఆలోచించమంటాను. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, లేదా బాబు ఈలోగా మగతలోకి జారుతున్నా, తెలిసిన దారైన షంట్ మార్పిడే క్షేమం. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి వారాలు తీసుకోవడం మాత్రం రెండింటికంటే చెడ్డది.

వాల్వ్ కోసం అప్పు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన దేశంలో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన విదేశీ వాల్వ్‌ను ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ పిల్లల్లో పోల్చి చూసి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తరువాత రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రోగ్రామబుల్ వాల్వ్ ఉపయోగపడే చోట్లు ఉన్నాయి. ముఖ్యంగా ద్రవం అవసరానికి మించి కారిపోయి, నిలబడితే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గే పిల్లలకు, మెదడు చుట్టూ రక్తం చేరిన వారికి అది మేలు చేస్తుంది. మీ బాబుకు ఉన్నది అందుకు భిన్నం, పడుకుని లేచేసరికి నొప్పి ఎక్కువగా ఉంటోంది. పైగా అలాంటి వాల్వ్‌లలో చాలావాటిని ఎమ్మారై తీసిన ప్రతిసారీ తిరిగి సరిచూడాలి. ఎక్కడైనా అదనంగా ఖర్చు పెట్టే శక్తి ఉంటే, యాంటీబయాటిక్ నింపిన ట్యూబు దొరుకుతుందేమో అడగండి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో సుమారు 1,600 మంది రోగులతో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో, మామూలు ట్యూబులు వేసినవారిలో నూటికి 6 మందికి ఇన్‌ఫెక్షన్ వస్తే, ఇవి వేసినవారిలో నూటికి ఇద్దరికే వచ్చింది. ఒకసారి ఇన్‌ఫెక్షన్ చూసిన ఇంటికి ఆ తేడా విలువైనది. అది కూడా దొరకకపోతే దిగులుపడకండి, ఆపరేషన్ వాయిదా వేయకండి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ కింద ఏది వస్తుంది, ఏది మీరు కొనాలి అన్నది చేరిన రోజే రాయించుకోండి.

ఆటలకు పంపి మీరే పాడుచేశారన్న మాట మీద ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో మిమ్మల్ని ఎక్కువగా కుంగదీసింది అదేనని నాకనిపించింది. పిల్లలు మామూలుగా పరిగెత్తి, ఆడి, పడినంత మాత్రాన షంట్లు మూసుకుపోవు. 1956లో ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే యంత్ర నిపుణుడు ఇదే జబ్బుతో ఉన్న తన పసిబిడ్డ కోసం, యూజీన్ స్పిట్జ్ అనే సర్జన్‌తో కలిసి వాల్వ్‌ను రూపొందించాడు. ఆనాటి నుంచి నేటి వరకు ఎందరు ఎంత మెరుగుపరచినా, మూసుకుపోని షంట్‌ను ఎవరూ చేయలేకపోయారు. ఇంజినీర్లకు, సర్జన్లకు సాధ్యం కానిది మీ కాపలాతో సాధ్యమయ్యేది కాదు. మీరు చేయగలిగింది లక్షణాలను త్వరగా గుర్తించడం. అది మీరు చేశారు, గ్యాస్ మందులతో సరిపెట్టుకోకుండా స్కాన్ తీయించారు. తల మీద నేరుగా దెబ్బలు పడే ఆటలు తప్పిస్తే, కోలుకున్నాక బాబును ఆడనివ్వండి.

జీవితాంతం ఇంతేనా అని అడిగారు. షంట్‌తో చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. వారికీ మధ్యలో మరమ్మతులు జరుగుతాయి, ఎన్నిసార్లన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. ఈ ఆపరేషన్ ఏదైనా, అది అయ్యి బాబు పూర్తిగా తేరుకున్నాక, బాగున్నప్పటి స్కాన్ ఒకటి తప్పక తీయించి దాచండి. తరువాతి అనుమానం వచ్చిన రోజు దానితోనే పోల్చాలి. వేసిన వాల్వ్ పేరు, తేదీ, ఏ వైపు ఉందో ఒక కాగితం మీద సర్జన్ చేత రాయించి, ఒక నకలు స్కూల్లో ఇవ్వండి. నిద్రమత్తును, చేతిరాతలో మార్పును గమనించిన ఆ టీచర్‌కు ఏ లక్షణాలు కనిపిస్తే మీకు వెంటనే ఫోన్ చేయాలో చెప్పండి. ఎప్పుడైనా కడుపులో మరే ఆపరేషన్ అవసరమైనా, అపెండిక్స్‌కైనా సరే, షంట్ ఉందని ఆ సర్జన్‌కు ముందే తెలియజేయాలి.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. షంట్‌లో ఏ భాగం పాడైందని అనుకుంటున్నారు, దానికి ఆధారమేమిటి? ఇన్‌ఫెక్షన్ లేదని ఎలా నిర్ధారించారు? ఎండోస్కోపీకి గదుల పరిమాణం సరిపోతుందా? అది విఫలమైతే ఏం చేస్తారు, పాత షంట్‌ను తీస్తారా లేక లోపలే ఉంచుతారా? వాటికి వచ్చిన జవాబులు రాసుకుని, అదే రాత్రి మీ భర్తకు చదివి వినిపించండి.